ఏరేసిన గోధుమ

విత్తనాల ఫారంలో ఆయన్ని అందరూ డేగ అనేవారు. నాటిన రకానికి తేడాగా మొలిచిన మొక్కల్ని అక్కడ కేళీలంటారు. గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు, చేను నడిమధ్యలో ఉన్న కేళీ ఆయన కంట్లో పడేది. వెళ్లి వేళ్లతో సహా పీకి సంచిలో వేసుకుని వచ్చేవాడు. ఆయన దాటిన మడిలో అధికారులు వెతకడం మానేశారు. ఎకరం అవతలి గడ్డిపోచ కనిపిస్తుంది గానీ చొక్కాకి ఊడిన బొత్తాం కనిపించదని భార్య దెప్పేది.

డేగ అక్క ఆ ఇంటికి ఒక ట్రంకుపెట్టెతో, ఒక జాడీతో వచ్చింది. బావ పోయాడు. పొలం చేజారింది. మోకాళ్లు మొరాయించాయి. వెనక గది ఆమెకిచ్చారు. జాడీలో అత్తగారి చేతినుంచి వచ్చిన గోధుమ విత్తనం ఉంది. చుట్టుపక్కల అందరూ ఎప్పుడో ఫారం విత్తనానికి మారిపోయారు. ఆ గోధుమ ఇంకెవరి దగ్గరా లేదు. పాతబడుతోంది, ఈ ఏడు నేల చూడకపోతే ఇక మొలవదని అక్క దిగులు.

డేగ గుప్పెడు తీసి అరచేతిలో పరిచాడు. ఎర్రవి, తెల్లవి, సన్నవి, బొద్దువి. ఇది విత్తనం కాదు, పెళ్లివారి గుంపన్నాడు. అక్క నవ్వలేదు.

"అంతా కలిపి చల్లు. అంతా కలిపి కొయ్యి" అంటూ జాడీని అడుగుదాకా వంచి ఇచ్చేసింది.

వంగలేని మనిషి, ఏరే ఓపిక లేక అలా ఉంచుకుంది పాపం, అనుకున్నాడాయన.

ఇంటి వెనక దారి చివర ఆయనకో చిన్న చేనుంది. అందులో చల్లాడు. మొలకలప్పుడు బాగానే ఉంది. వెన్ను తీసేసరికి చూడలేకపోయాడు. కొన్ని నడుము దాకా, కొన్ని మోకాలి దాకా. కొన్నిటికి నల్లటి మీసాలు, కొన్నిటికి ఎర్రటివి, కొన్ని నున్నగా బోడి. ఒకదాని గింజ గట్టిపడుతుంటే దాని పక్కది ఇంకా పాల మీదే ఉంది. ఫారం నుంచి వస్తూ గట్టు మీద ఆగేవాడు. చెయ్యి ఊరుకుంటేగా. ముందు ఒక పొట్టిది పీకాడు. తర్వాత పొట్టివన్నీ. తర్వాత బోడివి, నల్లమీసాలవి. ఆ తర్వాత వెనకబడినవి. అక్క కోసం చేస్తున్నానన్న తృప్తిలో నడుం నొప్పి తెలిసేది కాదు. పీకినవి పొరుగింటి మేకలకి వేసేవాడు. అక్కకి చెప్పొద్దు, తనే చూసి మురిసిపోవాలని భార్యతో అన్నాడు.

చేను దువ్విన తలలా అయింది. అంతా ఒకటే ఎత్తు, అంతా ఎర్ర మీసాలు.

బస్తాలు మోసే తోపుడుబండిలో దుప్పటి పరిచి అక్కని కూర్చోబెట్టాడు. చివరికి నన్నూ బస్తాని చేశావా అని ఆమె దారి పొడుగునా మేలమాడింది. చేను కనపడగానే మెడ సాచి చూసింది.

"పొట్టిదేదిరా?"

"ఏరేశానక్కా. కేళీ ఒక్కటి మిగల్లేదు. కావాలంటే వెతుక్కో."

"బోడిది?"

"అదీ ఏరేశా."

అక్క బండి అంచు పట్టుకుని చాలాసేపు చేనుకేసి చూసింది. తర్వాత, ఎవరితోనో అన్నట్టు నెమ్మదిగా చెప్పింది. గాలివానకి పొడుగువన్నీ నేలకొరిగిన ఏడు పొట్టిది తిండి పెట్టింది. తుప్పు తెగులొచ్చి మీసాలవి మాడిపోయిన ఏడు బోడిది నిలబడింది. బావ పోయిన ఏడు వానలు వెనకబడితే, వెనక పండేదే గింజ కట్టింది.

"ఏ ఏడు ఏది అక్కరకొస్తుందో మా అత్తకీ తెలీదు, నాకూ తెలీదు. అందుకే దేన్నీ పొమ్మనలేదురా."

ఆయన ఆమెని ఇంటికి చేర్చి మేకల దొడ్డికి పరిగెత్తాడు. మేకలు ఏం మిగులుస్తాయి? దొడ్డి పక్క పెంటకుప్ప తవ్వితే కొన్ని వెన్నులు దొరికాయి. గోటితో నొక్కాడు. పాల మీదుండగా పీకినవి. ఎండి పొట్టు మిగిలింది. అవి మొలవవని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా తడిగుడ్డలో చుట్టి అక్క గది కిటికీలో పెట్టాడు. అక్క రోజూ గుడ్డ తడిపింది. కొన్నాళ్లకి అది వాసన కొట్టింది. భార్య తీసి పారేసింది.

కోత అయ్యాక జాడీ మూత పెట్టడానికి వీల్లేనంతగా నిండింది. గింజలన్నీ ఒక్క తీరున ఉన్నాయి.

మళ్లీ అదే చేలో చల్లాడు. వెన్ను తీసినప్పటినుంచి రోజూ దిగుతున్నాడు. తన కన్ను ఎక్కడో ఒకచోట తప్పి ఉండాలి. ఒక్క పొట్టిదైనా, ఒక్క బోడిదైనా ఎర్ర మీసాల చాటున తప్పించుకుని ఉండాలి. అడుగడుక్కీ వంగి, మొక్కల్ని పక్కకి జరిపి చూస్తాడు. దారినపోయే ఫారం వాళ్లు, డేగ ఇంకా ఏరుతూనే ఉందని నవ్వుకుంటారు.

మొదట్లో చెప్పుల చప్పుడు వినగానే అక్క "దొరికిందా?" అని అడిగేది. ఇప్పుడు అడగదు. ఆయన చేతులు కడుక్కునేదాకా చూసి, గోడవైపు తిరిగి పడుకుంటుంది.