పది నిమిషాల్లో పన్నెండు మెడలు

ఒక మనిషి ఒకే పూటలో పన్నెండు రాగి పైపుల మెడలు విరిచి, ఒక పెద్దాయన ఉద్యోగం ఊడగొట్టి, ఆపైన లీడర్ అనే పేరు కూడా సంపాదించగలడా అని మీకు అనుమానం రావచ్చు. సంపాదించగలడు. ఆ ఘనుణ్ణి నేనే.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. బద్వేలు నుంచి దోహా వచ్చి ఎనిమిది నెలలు. ఐటీఐలో ఫస్ట్ క్లాసు. ఆ సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్యాంపులో దిండు కింద దాచుకునేవాణ్ణి, ఎవరో ఎత్తుకుపోయి నా తెలివంతా వాడేసుకుంటారన్నట్టు.

మాది ఏసీ పైపుల పని. ఏసీ పని అనగానే చల్లగా ఉంటుందనుకునేరు. ఏసీ నడుస్తున్న చోట మాకు పనుండదు, మాకు పనున్న చోట ఏసీ ఉండదు. ఒక రాగి పైపును ఇంకోదానితో కలపాలంటే, ఒకదాని మెడ కాస్త వెడల్పు చేయాలి. రెండోది అందులో దూరుతుంది. ఆ తర్వాత మంటతో అతుకు లోహపు రాడ్ కరిగించి అతికిస్తాం. మెడ నున్నగా, సమానంగా సాగితే గ్యాసు నిలుస్తుంది. లేకపోతే పోతుంది. పనంతా ఇంతే.

ఇది నాకు నేర్పినవాడు మల్లేశన్న. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. ఖతార్‌లో పదహారేళ్ళు. ముందు పైపు మూతిని ఎర్రగా కాల్చి చల్లారనిచ్చేవాడు. కాలిస్తే రాగి మెత్తబడుతుంది. తర్వాత మెడ పెంచే కమ్మీకి చుక్క నూనె రాసి, పైపులో పెట్టి, చిన్న దెబ్బ, చిన్న తిప్పు, మళ్ళీ చిన్న దెబ్బ. పురిటిబిడ్డకు నలుగు పెట్టినట్టు ఉండేది.

"రాగి మొండిది గాదు తమ్మీ. అడిగితె ఇస్తది. గుంజుకుంటె పలుగుతది" అనేవాడు.

"అదంతా పాతకాలం న్నా. ఇప్పుడు డ్రిల్లుకు తగిలించే బిట్లు వచ్చినాయి. గిర్రున తిప్పితే పది సెకన్లలో మెడ వచ్చేస్తాది."

"గిర్రున తిరిగేటియన్నీ మంచియేనా?"

నేను నవ్వాను. కొత్త మెకానిక్ పొద్దెరగడు. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి ఆ బిట్టు తెచ్చుకున్నాను. దాన్ని ఎలా వాడాలో ఫోన్లో వీడియో చూశాను. నూనె వేయాలనీ, మెల్లగా తిప్పాలనీ చెప్పే భాగం కాస్త సాగదీసినట్టు అనిపించి ముందుకు జరిపాను.

ఆ వారమే మా ఇంజనీరు ప్రసాద్ సార్ సైటుకు వచ్చాడు. విజయవాడ ఆయన. వెస్ట్ బే ఆఫీసులో కూర్చుంటాడు. ఊరి శివార్లలో మేం పని చేస్తున్న పెద్ద విల్లాలో అటూ ఇటూ తిరిగి, ఫోను బయటికి తీశాడు.

"మీరిద్దరూ చెరో పన్నెండు మెడలు చేయండి. ఎవరు ముందు పూర్తి చేస్తారో చూద్దాం. సరదాకేలే" అన్నాడు.

నేను సరదాకే అనుకున్నాను. మల్లేశన్న కాంట్రాక్టు మరుసటి నెలలో అయిపోతుందని, ఇద్దరిలో ఒక్కణ్ణే ఉంచుకోవాలని ఆఫీసు చూస్తోందని నాకు తెలియదు. ఆయనకు తెలుసు.

సార్ టైమర్ నొక్కాడు. నేను డ్రిల్లు నొక్కాను. పైపు కాల్చడం లేదు, నూనె లేదు. మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె అంటారు. ఆ రోజు నా మీసాలకు నూనె ఉంది, పైపు మెడకే లేదు. పంది గొంతు కోసినట్టు రాగి అరిచింది. ఆ అరుపు నాకు చప్పట్లలా వినిపించింది. పది నిమిషాల్లో పన్నెండూ పూర్తి చేసి, "అయిపాయ సార్" అన్నాను.

మల్లేశన్న నాలుగో పైపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆయనేంటి, పని ఆపేశాడు?" అన్నాడు సార్.

"పైపు చల్లారేదాకా చూస్తాన్నాడు సార్." అక్కడితో నోరు మూసుకుని ఉండొచ్చు. మూసుకుంటే ఈ కథే లేదు. "మల్లేశన్న అంతే సార్. శానా నిదానం" అన్నాను.

సార్ ఫోన్లో ఏదో రాసుకున్నాడు.

వారం తిరక్కుండా నేను టీమ్ లీడర్‌నయ్యాను. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ వీధంతా చాటింది, "మావాడు దుబాయ్‌లో లీడరైనాడు" అని. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. మా వీధివాళ్ళు ఏ పార్టీ అని అడిగారట. మల్లేశన్నకు ఏ కాగితం వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే అదే పదివేలు అనుకునేవాణ్ణి.

మూడు వారాల తర్వాత లైను మొత్తం పూర్తయింది. అందులో నా పన్నెండు తప్ప మిగతా మెడలన్నీ మల్లేశన్నవే. బుధవారం సాయంత్రం లీకులుంటే తెలియడానికి పైపుల్లో నైట్రోజన్ గ్యాసు ఎక్కించి గేజి చూసుకుని వెళ్ళాను. గురువారం పొద్దున చూస్తే ముల్లు సున్నా మీద హాయిగా పడుకుని ఉంది. అతుకుల మీద సబ్బునీళ్ళు రాసుకుంటూ పోయాను. నా పన్నెండు మెడల్లో పదకొండు బుడగలు ఊదాయి, పుట్టినరోజు పండగలోలా. మెడలన్నీ నిలువునా చిట్లి ఉన్నాయి. కరిగిన రాడ్ పైన పూతలా పడి అన్నాళ్ళూ నా పరువు కాపాడింది. పన్నెండోది ఎందుకు ఊదలేదో తెలియదు. సిగ్గుపడి ఉంటుంది. మల్లేశన్న చేసిన మెడల మీద ఒక్క బుడగ లేదు.

ఆదివారం సార్ చెకింగుకు వస్తాడు. మల్లేశన్న విమానం శుక్రవారం సాయంత్రం.

శుక్రవారం తెల్లారగానే ఆయన గదికి వెళ్ళాను. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో పేరు రాసుకుంటున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"అన్నా, మెడలు పలిగినాయి."

"ఎన్ని?"

"పదకొండు."

"పదకొండేనా" అన్నాడు. పెన్ను మూతపెట్టి లేచాడు.

విల్లా గేటు దగ్గర వాచ్‌మన్ నాకు సలాం పెట్టి, లిస్టులో ఈయన పేరు లేదు, ఎవరీయన అని హిందీలో అడిగాడు. బుద్ధి గడ్డి తినడం అంటారే, నాది ఆ రోజు గడ్డివామునే తినేసింది. "నా హెల్పర్" అన్నాను. మల్లేశన్న, "హా, హెల్పర్‌నే" అని లోపలికి నడిచాడు.

ఊరికి వేసుకెళ్ళే కొత్త చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీను మీద పనిలో దిగాడు. చిట్లిన మెడలు కోసేశాడు. కోస్తే పైపులు కురచైపోయాయి, ఉతికిన కొత్త చొక్కా చేతుల్లా. ప్రతిచోటా చిన్న ముక్క కలిపి, రెండు వైపులా కొత్త మెడలు చేయాల్సి వచ్చింది. కాల్చడం, చల్లారనివ్వడం, నూనె, చిన్న దెబ్బ, చిన్న తిప్పు. నేను అందిస్తూ కూర్చున్నాను. పన్నెండోదాన్ని కూడా కోయబోతుంటే ఆపాను.

"అది బాగానే ఉండాది న్నా."

"ఇయ్యాల బాగుంది" అని కోసేశాడు.

చివరి రెండు పైపులు చల్లారుతుండగా అడిగాను. "ఆ పొద్దు సార్ పందెం ఎందుకు పెట్టినాడో నీకు తెలుసు గదా. తెలిసీ ఎందుకు న్నా అంత నిదానంగా చేసినావ్?"

ఆయన పైపు వైపు చూస్తూనే అన్నాడు. "నా కాంట్రాక్ట్ అయిపోతుందని నాకెరుక. పైపుకేమెరుక తమ్మీ?"

"నేను సార్‌తో చెప్తా న్నా. ఇదంతా నువ్వే చేసినావని చెప్తా."

"చెప్తె చెప్పు, లేకుంటె లేదు. నాకు ఏర్‌పోర్ట్‌కు టైమైతుంది" అని చేతులు కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. ఎయిర్‌పోర్టు దాకా నేనూ వెళ్ళాను. లోపలికి వెళ్తూ, "నూనె మర్వకు" అన్నాడు. అంతే.

ఆదివారం ప్రసాద్ సార్ వచ్చాడు. మళ్ళీ గ్యాసు ఎక్కించినప్పటి నుంచి ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. నిచ్చెన ఎక్కి అతుకుల మీద వేలితో తడిమి చూశాడు. దిగి వచ్చి నా భుజం తట్టాడు.

"అద్దంలా ఉన్నాయయ్యా. ఇంత నున్నటి మెడలు మన కంపెనీలో ఇంతవరకు చూడలేదు. అందుకే ఆ ముసలాయన్ని పంపించేసి నిన్ను పెట్టుకున్నాం."

చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. అక్కడ ఫస్ట్ క్లాసు లీడర్ గారు కాపలా ఉన్నారు. దాన్ని వెనక్కి పంపి వేరే మాటను బయటికి వదిలారు.

"థాంక్యూ సార్" అన్నాను.

కాబట్టి చదువరులారా, ఏసీ దేవుడి సాక్షిగా, చేతిలో డ్రిల్లు లేకుండా, ఒళ్ళు తెలివితో, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నన్నెవరైనా మెచ్చుకుంటే, అది ఎవరు చేసిన పనో ముందు గట్టిగా చెప్పి, ఆ తర్వాతే థాంక్యూ అంటాను. ఈ ప్రమాణం చేసి ఆరేళ్ళయింది. ఇంతవరకు తప్పలేదు. ఆ తర్వాత నన్నెవరూ మెచ్చుకోలేదు.