కహి కట్టుకున్న బట్ట

మా అమ్మ కహి ఎర్ర రంగు వేసే మనిషి. సుంబా దీవిలో, తూర్పు తీరాన, మా ఊరి దొరల ఇంట్లోనే పుట్టింది, అక్కడే ముసలిదైంది. మమ్మల్ని "ఇంటి పిల్లలు" అంటారు. బానిసలు అన్న మాట ఇప్పుడెవరూ పైకి అనరు. తొగరు వేళ్ళు తవ్వి, దంచి, లొద్దుగ ఆకు కలిపి నూలుకి ఎరుపు పట్టించడం ఇంటి పిల్లల పని. ఆ నూలుతో నేసిన బట్ట కట్టుకోవడం దొరల పని. మాకు తెల్లగుడ్డే. అంచుకి నీలి గీత ఉంటే అదే సింగారం.

అమ్మ వేసిన ఎరుపు వక్కాకు నమిలిన నోటి ఎరుపు కాదు. నోరు కడుక్కున్నాక కూడా పళ్ళ సందున మిగిలిపోయే ఎరుపు. సముద్రపు నీళ్ళలో నానబెట్టినా చుక్క వదిలేది కాదు.

ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమే గానీ, చావు దగ్గర మాత్రం మా పెద్దల పద్ధతే. పోయినవాళ్ళని, ముందే పోయి అక్కడున్న మనవాళ్ళు బట్టని చూసి పోల్చుకుంటారు. తెల్లగుడ్డలో వెళ్ళినవాళ్ళు ఎవరి మనుషులో ఎవరికీ తెలియదు. అమ్మకి అదే దిగులు. ఒకనాడు దొరసాని రంబు లికా అరుగు మీద వక్కాకు నములుతూ కూర్చుని ఉంటే, గంపలో వేళ్ళు దించి అడిగేసింది.

"దొరసానీ, ఒక్క ఎర్రబట్ట నా కోసం వేసుకోనివ్వండి."

"ఏం చేసుకుంటావే? చర్చిలో నా పక్కన కూర్చుంటావా?"

"చర్చికి కాదు. పోయేటప్పుడు కట్టుకోడానికి. అక్కడ మా అమ్మ ఉంటుంది కదా. ఈ తెల్లగుడ్డలో వెళ్తే నన్నెట్లా పోల్చుకుంటుంది?"

ఇద్దరిదీ ఒకే ఈడు. దొరసాని మా అమ్మమ్మ పాలు తాగి పెరిగిన మనిషి. కాసేపు నమిలి, పక్కకి ఉమ్మి, నవ్వింది.

"సరే, వెయ్యి. రొయ్యల బట్ట వెయ్యి. నువ్వే కట్టుకుంటావు. ఇది నా మాట."

రొయ్య పెంకు విడిచి మళ్ళీ బతుకుతుంది. అందుకని అది చావుబట్ట మీద ఉండే బొమ్మ. దొరల చావుబట్ట మీదే.

ఆ బట్ట ఎన్ని ఎండాకాలాలు పట్టిందో! దొరల నూలు ముంచాక కుండలో మిగిలిన పలచటి నీళ్ళే అమ్మకి దక్కేవి. వాటిలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ఏడాది మళ్ళీ ముంచేది. పలచటి రంగు మీద పలచటి రంగు పడీ పడీ, చివరికి దొరసాని కట్టుబట్టల కన్నా చిక్కగా తేలింది. మా హాము పిన్ని, అమ్మ చెల్లెలు, ఊరుకునే రకం కాదు. దొరసానుల పేరు ముందు పెట్టే 'రంబు'ని అమ్మకి తగిలించేది.

"ఏమ్మా రంబు కహీ! గుర్రం ఎప్పుడు తెప్పిస్తున్నావు?"

"నువ్వు పట్టుకుని నడిపిస్తానంటే రేపే."

నేసిన బట్ట దొరల ఇంటి పెట్టెలోనే ఉండాలి. అక్కడే పెట్టింది.

అమ్మ కంటే ముందు దొరసానే పోయింది. సమాధిరాయి దొర్లించి తెచ్చేదాకా శవం ఇంట్లోనే ఉంది. పూడ్చే ముహూర్తం పెట్టాక ఆమె కొడుకు ఉంబు విండి మా గుమ్మం దాకా వచ్చాడు.

"కహీ, అమ్మ నీ పేరే చెప్పి పోయింది. ఆమె నీడవి నువ్వే. రొయ్యల బట్ట నీకే కట్టమంది."

పిన్ని నమలడం ఆపేసింది. దొరలు పోతే ఇంటి పిల్లల్లో కొందరు నీడలవుతారు. పోయినవాళ్ళ నగలు, బట్టలు పెట్టుకుని సమాధి దాకా శవం వెంట నడుస్తారు. వాళ్ళ ముందు అందరూ తల వంచుతారు. సమాధి దగ్గర స్పృహ తప్పి పడిపోతారు. అప్పుడు ఒంటి మీదివి తీసేసి, నీళ్ళు చల్లి లేపుతారు. కొన్ని ఇళ్ళలో బట్ట నీడకే వదిలేస్తారు. కొన్ని ఇళ్ళలో సమాధిలో వేస్తారు.

"నీకిచ్చిన మాట అదన్నమాట," అంది పిన్ని, దొర వెళ్ళాక.

"కట్టినదాన్ని ఒంటి మీంచి లాగుతారా ఏం?"

"పిచ్చిదానా, నువ్వు పడిపోయాక నిన్నెవరడుగుతారు?"



పూడ్చే రోజు ఎర్రబట్టలో అమ్మని చూసి నాకే చేతులు జోడించాలనిపించింది. దొరసాని వక్కాకు సంచి పట్టుకుని, ఎవరితోనూ పలకకుండా నడిచింది. పక్క ఊళ్ళ దొరలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. రాయి దగ్గర మిగతా నీడలు ఒక్కొక్కరే కూలిపోయారు. అమ్మ పడలేదు. నిలబడే ఉంది. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. ఉంబు విండి దగ్గరికి వచ్చాడు.

"పడిపో కహీ. జనం చూస్తున్నారు."

"పడను దొరా. తీసుకోవాలంటే నన్ను అడిగి తీసుకోండి."

"అమ్మ మాట తప్పలేదు. కట్టుకుంటావంది. కట్టుకున్నావుగా!"

అమ్మ అతని ముఖంలోకి చూసింది. ఏడవలేదు. వచ్చిన బంధువులందరి ముందూ తనే ముడి విప్పి, అంచులు కలిపి జాగ్రత్తగా మడత పెట్టి, అతని చేతుల్లో పెట్టింది. పిన్ని పరుగెత్తుకొచ్చి తన పైబట్ట చుట్టింది. బట్టని దొరసాని మీద కప్పి రాయి మూసేశారు.

దారిలో అమ్మ ఒకటే మాట అంది: "ఇప్పుడు మా అమ్మ ఆవిణ్ణే కహీ అని పిలుస్తుంది."

నీడ పడలేదు కాబట్టి దొరసాని ప్రాణం దారిలో చిక్కుకుందన్నారు. ఆ ఇంట్లో గుర్రం చచ్చినా, పిల్లాడికి జ్వరమొచ్చినా అమ్మదే పాపం. రంగుకుండల దగ్గరికి మళ్ళీ పిలవలేదు. ఉంబు విండి పట్నం నుంచి పొడిరంగులు తెప్పించాడు. రోడ్డు పక్కన పర్యాటకుల కోసం దుకాణం తెరిచాడు. అమ్మ తెల్లగుడ్డలోనే ఇంకా చాలా ఏళ్ళు బతికింది. మాకు రంగు పని నేర్పమంటే, "నేర్చుకుని ఎవరికి వేస్తారు?" అనేది.

పోయిన వానల్లో అమ్మ చనిపోయింది. ఉంబు విండి ఒక ఎర్రబట్ట పంపించాడు. రొయ్యల బొమ్మలు ఉన్నాయి. "ఇప్పుడు కాలం మారింది, ఎవరైనా ఏదైనా కట్టుకోవచ్చు అన్నారు దొర," అన్నాడు తెచ్చిన మనిషి.

పిన్ని బొటనవేలు తడి చేసుకుని బట్ట మీద రుద్దింది. వేలు గులాబీ రంగైంది.

"దీంట్లో పంపితే అక్కడికి చేరేలోపే తెల్లగుడ్డ అయిపోతుంది. తీసుకెళ్ళు నాయనా."

మా దగ్గర వేరే ఎర్రబట్ట లేదు. తెల్లగుడ్డలోనే చుట్టి పూడ్చాం. వాన ఆగలేదు.

నెల తిరక్కముందే పిన్నీ నేనూ ఆ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే, తిప్పి పంపిన బట్టే గోడకి వేలాడుతోంది. కింద అట్టముక్క మీద ఏదో రాసి ఉంది. పిన్నికి చదువు రాదు.

"ఏం రాశారే?"

"'కహి చేతి రంగు' అని."



"వాన చినుకు తగలకుండా చూసుకోమను," అని పిన్ని నడక సాగించింది.