గుంజతో సహా కదిలిన సైకిళ్లు

ఆ రోజుల్లో నాకు లోకంలో సగం మంది దొంగలుగానూ, మిగతా సగం మంది వాళ్లకు తోడొచ్చినవాళ్లుగానూ కనిపించేవాళ్లు. దానికి కారణం మా మామ. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా (అది దొరకనే లేదు, ఆ సంగతి వేరు) హనుమకొండలో ఆయన సైకిళ్ల దుకాణంలో కూర్చునేవాణ్ణి. అంతకుముందోసారి పికప్ వ్యాన్‌లో సైకిళ్లు పంపితే, డ్రైవర్ టీ తాగి వచ్చేలోగా వెనక నుంచి ఒకటి మాయమైంది. అందుకని, తొర్రూరు బడి ఆడపిల్లలకు ఎవరో దాత కొనిచ్చిన కొత్త సైకిళ్లను చేర్చే పని మొదటిసారి నాకు అప్పగిస్తూ మామ, "ఒక్కటి తక్కువైనా నువ్వు ఇంటికి రాకు. మీ అమ్మకు నేను చెప్పుకుంట," అన్నాడు.

ఇక నా జాగ్రత్త చూడాలి! ముందు తాడుతో కట్టాను. తాడును కోస్తారేమోనని ప్రతి సైకిల్ ఫ్రేములోంచీ దూర్చి పొడవాటి ఇనుప గొలుసు వేశాను. దారిపొడవునా వెనక అద్దంలోంచి సైకిళ్లనే చూస్తూ కూర్చుంటే, డ్రైవర్ హారన్ భాయ్ (బ్రేకు మీద కన్నా హారన్ మీదే ఆయనకు నమ్మకం) నవ్వి, "జర ముంగటికి గూడ సూడు తమ్మీ, రోడ్డు మంచిగుంటది," అన్నాడు. వర్ధన్నపేట దగ్గర టీ కోసం ఆపాడు. ఆయన లోపలికి వెళ్లగానే నాకో భయంకరమైన ఆలోచన వచ్చింది: సైకిళ్లను బండికి కట్టాం సరే, బండినే ఎత్తుకుపోతే? వెంటనే గొలుసు కొసను హోటల్ ముందు రేకుల పందిరి మోస్తున్న ఇనుప గుంజకు చుట్టి తాళం వేశాను. నా తెలివికి నేనే మురిసిపోతూ చేతులు కడుక్కోవడానికి హోటల్ వెనక్కి వెళ్లాను.

అదే సమయానికి పత్తి ట్రాక్టర్ ఒకటి వచ్చి దారి అడిగిందట. హారన్ భాయ్ పాపం మర్యాదస్తుడు, గొలుసు సంగతి తెలియక బయటికొచ్చి బండిని ముందుకు తీశాడు. నేను తడి చేతులతో "ఆపు భాయ్! ఆపు!" అని పరుగెత్తుకొచ్చేసరికి గుంజ బండి వెంట బయలుదేరింది, పందిరి ముందుభాగం మెల్లగా నమస్కారం పెట్టినట్టు వంగింది. టీ తాగుతున్నవాళ్లంతా గ్లాసులతో సహా రోడ్డు మీదికి దూకారు. హోటల్ పెద్దమ్మ గరిటెతో బయటికొచ్చి, "ఏం చేత్తానవ్ రా కొడుకా! నా పందిరి ఎటు గుంజుకపోతానవ్?" అని అరిచింది. "దొంగలొస్తరని కట్టిన పెద్దమ్మా," అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "వచ్చిండ్రు గదా," అంది.

మళ్లీ గుంజ పాతేదాకా ఆమె మమ్మల్ని కదలనివ్వలేదు. గుంత నేను తవ్వాను, రేకులు హారన్ భాయ్ పట్టుకున్నాడు, టీ తాగేవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. అందులో ఒకడు వీడియో కూడా తీశాడు, అది ఫోన్లు దాటుకుంటూ హనుమకొండ దాకా పోయింది. మట్టి చేతులు ఇంకా కడుక్కోకముందే మామ ఫోను: "సైకిళ్లు తీస్కపోరా అంటే హోటల్ తీస్కపోతానవారా?" నేను గొంతు సవరించుకుని, "సైకిళ్లయితే అన్నీ ఉన్నయ్ మామా," అన్నాను. ఫోన్లోంచి ఆయన నవ్వు ఎంత గట్టిగా వినిపించిందంటే, పెద్దమ్మ కూడా నవ్వేసి మా ఇద్దరికీ మళ్లీ టీ పోసింది.

తొర్రూరు చేరేసరికి పిల్లలు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఒక సన్నపాటి అమ్మాయి తన సైకిల్ అందుకోగానే, ఎక్కి కూడా చూడకుండా, అంతమంది మధ్యలోనే దానికి తాళం వేసి, తాళంచెవిని చున్నీ కొసకు ముడివేసుకుంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ పిల్ల భుజం తట్టాలనిపించింది.

ఇప్పుడు దుకాణం నేనే చూసుకుంటున్నాను. బండికి రెండు తాళ్లు బిగించి, "ఏం గాదన్నా," అని డ్రైవర్ అంటే సరేనంటాను, నిశ్చింతగా నిద్రపోతాను. కానీ లోకమంతా తన సైకిళ్ల కోసమే కాచుకుని ఉందని నమ్మి, మెడ నొప్పెట్టేదాకా వెనక్కి చూస్తూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే, వాడంటే కొంచెం ముచ్చటేస్తుంది.