తెర వెనుక ఆగని చప్పట్లు

మొన్న మా మనవరాలు బడి వార్షికోత్సవంలో నాట్యం చేసి వచ్చింది. వేదిక మీద అది నవ్వుతూ గెంతడం నా కళ్లతో చూశాను. ఇంటికొచ్చి ఫోనులో వీడియో చూసుకున్నాక మాత్రం, తన ముఖం ఇంకో పిల్ల భుజం వెనకాల ఉండిపోయిందని వెక్కి వెక్కి ఏడ్చింది. తన కాళ్లు అనుభవించిన సంతోషం నిజమో కాదో ఫోనును అడిగి తెలుసుకుంటున్న ఆ ఏడేళ్ల పిల్లను చూసి నిర్ఘాంతపోయాను. దేవుణ్ణి నమ్మవద్దని జీవితమంతా వాదించినవాణ్ణి, పిల్లలు తమను తామే నమ్మని రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

నా ఈడువారికి హైదరాబాదు పాతబస్తీలో డెబ్బైల నాటి శాలిబండ గుర్తుండే ఉంటుంది. మా మేనత్త సాయంత్రాలు గల్లీ ఆడపిల్లలను మా వాకిట్లో చేర్చి బతుకమ్మ ఆడించేది. మధ్యలో పూలు, చుట్టూ పిల్లలు. ఎవరి ముఖమైనా పూలవైపే, వీపు వీధివైపు. చూడటానికి వచ్చినవాళ్లను ఊరికే నిలబడనిచ్చేది కాదు, చేయి పట్టి వరుసలోకి లాగేది. “ఎవలు జూస్తున్నరని ఫికర్ జెయ్యకుండ్రి, ముందటి పోరి అడుగు జూస్కుంట తిరుగుండ్రి” అనేది. అప్పుడే కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరి, సెలవు రోజుల్లో హేతువాద సభల్లో గొంతు చించుకుంటున్న నేను, పూలలో దేవత ఏమిటని ఆమెతో తగాదా పెట్టుకునేవాణ్ణి. “లేకుంటె లేకపాయె తియ్ రా, ఆడుడైతె ఉన్నది గద!” అని ఆమె తన పని తాను చూసుకునేది.

ఆ ఏడు మా చిన్న చెల్లెలి బడిలో వార్షికోత్సవానికి బతుకమ్మ పెట్టారు. నాట్యం మాస్టారు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. ముఖ్య అతిథికి ముఖాలన్నీ కనబడాలని వలయాన్ని సగానికి కోసి, పిల్లలను పూల వెనుక అర్ధచంద్రంలా నిలబెట్టాడు. తెల్లని పిల్లలు మధ్యలో. మా చెల్లెల్ని చూసి, “ఈ నల్లపిల్లను ఆ చివరికి జరపండమ్మా, ఎలాగూ అక్కడ లైటు పడదు” అన్నాడట. ఇంటికొచ్చి అది కంచం తోసేసింది. “గీ ఒక్కసారి ఆడి ఇడిసిపెడ్త అత్తా. మల్ల ఎన్నడు ఆడ.”

మేనత్త కంచాన్ని మళ్లీ దాని ముందుకు జరిపి, “అయితె గా ఒక్కసారన్న మంచిగ ఆడు బిడ్డా” అంది.

వార్షికోత్సవం నాడు పాట మొదలైంది. పిల్లలు వంగుతూ, చప్పట్లు కొడుతూ కదిలారు. చివరికి చేరిన పిల్ల వెనక్కి మళ్లాలని మాస్టారి ఏర్పాటు. ఆ చివర ఉన్నది మా చెల్లెలు. అది మళ్లలేదు. వాకిట్లో అలవాటైన కాళ్లు ముందుకే సాగి, అతిథికి వీపు చూపిస్తూ, పూలను చుట్టి, అవతలి కొసను కలుపుకున్నాయి. మిగిలినవాళ్లూ దాని వెనకే నడిచారు. వలయం పూర్తయింది.

“అరె భాయ్, పెద్దసారుకు ఈపులు జూపిస్తున్నరు!” అని నా వెనక ఎవరో పకపకా నవ్వారు. హెడ్మాస్టరు మండిపడుతూ చేయి ఊపాడు. తెర దించేశారు.

పాట ఆగలేదు. తెర వెనుక చప్పట్లూ ఆగలేదు. చూసేవారు ఒక్కరూ లేకపోయినా పాట చివరిదాకా ఆడుతూనే ఉన్నారు. సభంతా బిత్తరపోయి, కదలని ఆ గుడ్డను చూస్తూ కూర్చుంది.

చెల్లెలు చెమటతో తడిసి, వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చింది. “మస్తు ఆడినం అత్తా! రేపు మన వాకిట్ల మల్ల ఆడుదం.” ఆ బడివాళ్లు దాన్ని మళ్లీ వేదిక ఎక్కనివ్వలేదు. అదీ అడగలేదు.

ఇప్పటి పిల్లలకు మంచి గురువులను, మంచి దుస్తులను, మంచి లైట్లను సమకూర్చాం. ఎప్పుడైనా కరెంటు పోయి వేదిక చీకటైతే చాలు, ఎక్కడి కాళ్లు అక్కడే ఆగిపోతాయి. చూసేవారు లేకుండా ఆడటం దేనికన్న ప్రశ్న వాళ్లకు పుట్టుకతో రాలేదు. మనమే నేర్పాం.