అక్క గడియారంలో కొబ్బరినూనె

కొబ్బరినూనె పనికిరాదని ఈ దీవుల్లో ఎవరితోనైనా అని చూడండి, వెర్రివాణ్ణి చూసినట్టు చూస్తారు. తలకి అదే, కూరకి అదే, తలుపు కిర్రుమంటే అదే, కుట్టుమిషనుకీ అదే. ఇన్నేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న నేను కూడా ఒకప్పుడు ఆ బాపతే. ఆ పాపం ఎక్కడ పండిందో చెబుతాను.

గరాచర్మలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఇప్పుడొచ్చేవన్నీ సెల్లు మార్చే గడియారాలు. పాతకాలపు గంటల గడియారం ఎప్పుడో ఒకటి వస్తుంది. ఈ ఉప్పుగాలికి వాటి స్ప్రింగులు తుప్పు పట్టి విరుగుతాయి. వాటిని విప్పి మళ్ళీ బిగించేవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ పొగరు నాకు బాగానే ఉండేది, దాచడమెందుకు.

మా అక్క సముద్రపు పాయకి అవతల, బాంబూఫ్లాట్‌లో ఉంటుంది. బావ కాంట్రాక్టులు చేసేవాడు. ఎక్కడో పాత బంగళా పడగొడుతుంటే అందులోని గడియారం కొని తెచ్చాడు. బల్ల మీద పెట్టుకునేది, నల్ల చెక్కపెట్టె, గంట గంటకీ ఎన్నైతే అన్ని దెబ్బలు కొడుతుంది, అరగంటకి ఒక్క దెబ్బ వేస్తుంది. బావ పోయాడు. తర్వాత సుగర్ వల్ల అక్క రెండు కళ్ళూ పోయాయి. ఓడ మీద వెళ్ళాల్సిన డిగ్లీపూర్‌లో ఉన్న కూతురు వచ్చెయ్యమని బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. అక్క వినలేదు. నాకు గడియారం ఉంది, నా ఇల్లు నాకుంది, ఇంకెక్కడికి రాను అంది.

అది మొండి మాట కాదు. పొద్దున ఇంజెక్షన్ పక్కింటి దీదీ డ్యూటీకి వెళ్తూ వేసి పోయేది. సాయంత్రంది మాత్రం అక్కే వేసుకునేది. ఏడు కొట్టగానే ఇన్సులిన్ పెన్ను తిప్పుతూ టిక్కులు లెక్కపెట్టుకుని పొడుచుకోవాలి, అరగంట దెబ్బ పడ్డాక తినాలి. కూతురు టైము చెప్పే ఫోను కొనిచ్చింది కానీ, అందులో ఆడమనిషి ఆఫీసులో కసిరినట్టు హిందీలో చెబుతుందని అక్క దాన్ని పెట్టెలో పడేసింది. నాకు ఫోను చెయ్యడానికి పాత బటన్ల ఫోను చాలంది.

మొన్నటి వానల్లో ఆ గడియారం ఆగిపోయింది. నేను ఫెర్రీ మీద వెళ్ళి, తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వెనక తలుపు తీసి చూశాను. చక్రాల నిండా పచ్చగా, నల్లగా జిగురు. ఇరుసులు అరిగిపోయాయి, అవి తిరిగే రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాయి. వాసన చూశాను. కొబ్బరినూనె. ఒళ్ళు మండిపోయి అప్పటికప్పుడే అక్కకి ఫోను చేశాను. బంగారంలాంటి వస్తువుని ఏ దరిద్రుడు చెప్పాడని ఇలా తగలేశావని అరిచాను.

"నువ్వే కదరా చెప్పావు," అంది అక్క. "బావ తెచ్చిన రోజున. ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఒక్క చుక్క వెయ్యమన్నావు. ఒక్క వారం కూడా మానలేదురా నేను."

నిజమే. అప్పుడే పని నేర్చుకుంటున్నాను, అరకొర విద్య. మా అమ్మ కుట్టుమిషనుకి వేసేదే దీనికీ చెప్పాను. తర్వాత అది తప్పని తెలిసింది, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ వద్దని చెప్పాను. సొంత అక్కకి చెప్పాలని ఒక్కనాడూ తట్టలేదు. నేను మరిచిపోయిన మాట ఆవిడ బైబిలు వాక్యంలా పాటించింది.

జిగురంతా పెట్రోలుతో కడిగాను. అరిగిన రంధ్రాల్లో ఇత్తడి బుష్షులు, చిన్న గొట్టాల్లాంటివి, దిగ్గొట్టాలి. అవి చెన్నై నుంచి ఓడ మీద రావాలి, ఓడ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఈలోగా అక్క రోజుకి పదిసార్లు ఫోను. "తమ్ముడూ, ఇప్పుడు టైమెంత?" అదొక్కటే మాట. పగలు పడుకునేది, లేచి తెల్లారిందా అని అడిగేది. కూతురికి తెలిసిపోయింది, ఓడ దొరకగానే వచ్చి తీసుకుపోతానంది. ఆ సంగతి చెబుతూ అక్క ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి.

ఆ ఏడుపు తట్టుకోలేక అడ్డదారి తొక్కాను. బుష్షుల కోసం చూడకుండా, రంధ్రాల చుట్టూ పంచ్ పెట్టి కొట్టి, లోహాన్ని నొక్కి బిగించేశాను. మా వృత్తిలో అది సిగ్గుపడాల్సిన పని. పని నేర్పిన మా నాన్న ఒక నియమం పెట్టాడు. గంటల గడియారం ఏదైనా వారం రోజులు మన బల్ల మీద తప్పు లేకుండా కొట్టాకే గడప దాటాలి. రెండో రోజు నా కళ్ళ ముందే అది నాలుగు కొట్టి, ఆగకుండా ఐదు కూడా కొట్టేసింది. ఈ పాత రకంలో గంటలు లెక్కపెట్టే చక్రం వేరు, ముళ్ళు వేరు. ఆపాల్సిన మీట ఒక్కసారి గాడిలో పడకపోతే లెక్క ముందుకి జారిపోతుంది. ముళ్ళు సరిగ్గానే ఉంటాయి, కొట్టేది మాత్రం తప్పు. కళ్ళున్నవాడు ముళ్ళు చూసుకుంటాడు. అదంతా తెలిసిన నేనే, ఒక్కసారే కదా అనుకుని సరిచేసి ఊరుకున్నాను. మూడో రోజు పట్టుకెళ్ళి ఇచ్చేశాను.

అక్క ముఖం చూడాలి. చెక్క మీద అరచెయ్యి ఆనించి, పదకొండు కొడుతుంటే పెదాలతో లెక్కపెట్టుకుంది. కప్పులో వేలు ముంచి కొలుచుకుంటూ నాకు టీ పోసిచ్చింది. నీ చెయ్యి చల్లగుండ అంది. ఆ టీ తాగేసి, తప్పు కొట్టిన సంగతి చెప్పకుండానే ఫెర్రీ ఎక్కేశాను.

మర్నాడు తెల్లారినప్పటి నుంచి వాన. గాలికి సముద్రం పొంగి ఫెర్రీ ఆపేశారు. నేను దుకాణంలోనే ఉన్నాను. పక్కింటి దీదీ ఫోను చేసింది. డ్యూటీ నుంచి వచ్చి చూస్తే అక్క కింద పడి ఉందట, ఒళ్ళంతా చెమటట, పిలిస్తే పలకడం లేదట. ఎదురుగా పళ్ళెంలో అన్నం ముట్టుకోకుండా ఉందట. ఆవిడ హిందీలో గబగబా చెబుతుంటే వెనకాల గడియారం కొట్టడం వినిపించింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఎనిమిది. నా గోడ గడియారంలో మూడు.

ముందు చక్కెర నీళ్ళు పట్టమని అరిచాను. ఆవిడ పట్టబోతే మింగడం లేదంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళమని కాళ్ళావేళ్ళా పడ్డాను. తర్వాత ఆటో ఎక్కి, ఫెర్రీ కదిలే చాథమ్ జెట్టీకి పోయాను. అక్కడి పడవవాణ్ణి భయ్యా భయ్యా అని చేతులు పట్టుకున్నాను. అలలు చూడు చాచా, ఎవరు పడవ వదుల్తారు అన్నాడు. అక్క అదిగో, అక్కడ అవతలి గట్టున ఉంది. రోడ్డు మీద ఫెర్రార్‌గంజ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలంటే గంటలు పడుతుంది. ఒక జీపువాడు ఒప్పుకున్నాడు. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. ప్రభువా, ఈ చేతులు పడిపోనీ, ఆవిణ్ణి మాత్రం వదిలెయ్ అని పైకే అన్నాను. జీపువాడు అద్దంలోంచి చూసి వేగం పెంచాడు.

నేను చేరేసరికి సెలైన్ ఎక్కుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు డాక్టరు. తర్వాత తెలిసిందేమిటంటే, మధ్యాహ్నం రెండుకి ఏడు కొట్టిందని అక్క సాయంత్రం ఇంజెక్షన్ వేసేసుకుంది. పన్నెండుకి ఐదు కొట్టడంతో నిద్రలో భోజనం వేళ దాటిపోయిందనుకుని పగలు తిననే లేదు. వాన వల్ల, ఇంకా పగలేనని తెలియడానికి ఒంటికి ఎండ కూడా తగల్లేదు. వడ్డించుకుని అరగంట దెబ్బ కోసం కూర్చుంది. ఆ దెబ్బ పడిందో లేదో ఆవిడకి తెలియలేదు.

చీకటి పడే వేళకి అక్క తెలివిలోకి వచ్చింది. చెయ్యి పట్టుకుని చెప్పేశాను. "అక్కా, తప్పు నాది. అది సరిగ్గా బాగవలేదు. తప్పు కొడుతుందని తెలిసే తెచ్చిచ్చాను."

తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నిన్నటి నుంచి ఏదో తేడాగానే వినబడుతోందిరా," అంది. "ఒకసారి ఇరవై దెబ్బలు పడ్డట్టనిపించింది. గడియారం నువ్వు బాగుచేశావు కదా, అది తప్పెందుకు కొడుతుంది? కళ్ళు పోయాయి, ఇక చెవులూ పోతున్నాయనుకున్నాను. ఆ సంగతి తెలిస్తే పిల్ల నన్ను తీసుకుపోతుందని, నీకు కూడా చెప్పలేదు."