ఎత్తి తాగమన్నాను

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి మా ఆయనకు తెలుసు, వన్ టౌన్‌లో మా వరసలో ఉన్న బట్టల కొట్ల వాళ్ళందరికీ తెలుసు. "ఆవిడ నోట్లో పడకండి బాబూ" అని నవ్వుకుంటారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నోరుండబట్టే మా చీరల వ్యాపారం నిలబడిందని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

పోయిన వేసవిలో మా అమ్మాయికి జ్వరం వచ్చింది. ఐదేళ్ళ పిల్ల. ఒంటికి వెళ్ళాలంటే మంటని ఏడ్చేది. బెంజ్ సర్కిల్ దగ్గర పిల్లల డాక్టర్ గారికి చూపిస్తే పరీక్షలు చేయించారు.

"నీళ్ళు చాలట్లేదండీ. మందులు రాస్తాను గానీ, పిల్ల నీళ్ళు తాగకపోతే ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. అలా వస్తే కిడ్నీలకి మంచిది కాదు" అన్నారావిడ.

నేను వెంటనే అందుకున్నాను. "ఏం చెయ్యమంటారండీ, ఒట్టి మొండి ఘటం. నీళ్ళకి నోరు తెరిస్తే ఒట్టు." పిల్ల పక్కనే కూర్చుని వింటోంది. తల వంచుకుని గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. చూశాను గానీ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో నీళ్ళ యుద్ధం మొదలైంది. పిల్లి బొమ్మ బాటిల్ కొన్నాను. గ్లాసు తాగితే క్యాలెండర్ మీద నక్షత్రం అన్నాను, చాక్లెట్ అన్నాను. పుచ్చకాయ ముక్కలు తినేది, గిన్నెలో పోసి స్పూనుతో పట్టిస్తే మజ్జిగ మింగేది. నీళ్ళ గ్లాసు మూతి దగ్గరికి తెస్తే మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. స్కూలుకి పంపిన బాటిల్ నిండుగా తిరిగొచ్చేది. పెదాలెండి పొట్టు లేచేది. "కృష్ణ ఒడ్డున పుట్టి నీళ్ళు తాగని దాన్ని నిన్నే చూశానే" అని కొట్టుకి వచ్చిన వాళ్ళందరి ముందూ అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. పిల్ల నవ్వేది కాదు.

నెల తిరక్కుండా జ్వరం మళ్ళీ వచ్చింది. అది తగ్గిన వారంలో ఒక ఆదివారం పొద్దున బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడైంది. నీళ్ళతో ఆడుతోందనుకుని, తిట్టడానికే వెళ్ళాను.

పిల్ల బకెట్ పక్కన నిలబడి ఉంది. స్నానం మగ్గు రెండు చేతులతో తల మీదికి ఎత్తి, నోట్లో పోసుకుంటోంది. సగం ముక్కులోకి పోయింది, మిగతాది గౌను మీద పడింది. పొలమారి దగ్గింది. మొహం తుడుచుకుని మళ్ళీ మగ్గు ముంచింది. అవి బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి. మేం బట్టలకీ స్నానాలకీ తప్ప వాడం.

నన్ను చూడగానే మగ్గు వదిలేసి గోడకి అతుక్కుపోయింది. "మూతి పెట్టలేదమ్మా" అంది.

"మంచినీళ్ళు వంటింట్లో ఉంటే ఇక్కడెందుకే?"

"ఇక్కడ చీరలుండవుగా. ఒలికినా ఏం కాదు. బాగా వచ్చాక కొట్లో కూడా తాగుతానమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది. తల కొట్టేసినట్లయింది.

మా ఇంట్లోనూ కొట్లోనూ పదిమంది తాగే బాటిల్‌కి మూతి తగలకూడదు. తగిలితే ఎంగిలి. పైనుంచి ఎత్తి పోసుకోవాలి. నేనూ అలాగే పెరిగాను, ఎవరు నేర్పారో కూడా గుర్తులేదు. ఎండలు ముదరకముందు ఒక సాయంత్రం పిల్ల స్కూలు నుంచి ఆటోలో నేరుగా కొట్టుకి వచ్చింది. పెళ్ళి బట్టలకి వచ్చిన వాళ్ళ ముందు పెట్టిన బాటిల్ తీసి, మూతి పెట్టి గటగటా తాగేసింది. నలుగురిలో నాకు నామోషీ అనిపించింది. "ఛీ, ఎంగిలి చేశావా? ఎత్తి తాగడం కూడా చేతకాదా?" అన్నాను. పిల్ల బెదిరిపోయి అక్కడికక్కడే బాటిల్ ఎత్తింది. గురి తప్పి, పరిచి ఉన్న పట్టుచీర మీద ఒలికింది. వీపు మీద ఒక్కటి వేశాను. "ఇంకోసారి నీళ్ళు ముట్టుకో, చెప్తా నీ పని" అన్నాను.

చీర చూస్తున్నావిడ, "పసిపిల్లండీ, పోనివ్వండి. ఆ చీర నేనే తీసుకుంటాన్లెండి" అంది. ఆవిడకున్న జాలి నాకు లేకపోయింది. ఆవిడ కోసం ఇంకో చీర మడత విప్పాను. ఆ సాయంత్రమే అంతా మర్చిపోయాను. పిల్ల మర్చిపోలేదు. ముట్టుకోవద్దంటే ముట్టుకోలేదు, అంతే. నోరా వీపుకు చేటు తేకే అంటారు. నా నోటి చేటు నా బిడ్డ వీపుకి తగిలింది.

బాత్‌రూమ్‌లో తడి గచ్చు మీదే కూర్చుని పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాను. "అమ్మదే తప్పు తల్లీ. మూతి పెట్టుకునే తాగు" అన్నాను. నా పెళ్ళయ్యాక తప్పు నాదని నేనెవరితోనూ అన్నది లేదు. "చీర మీద పడితేనో?" అని అడిగింది. పడితే పడనీ అన్నాను. నమ్మలేదు.

ఇప్పుడు తాగుతోంది. డాక్టర్ గారు మెచ్చుకుంటే సిగ్గేసింది. కొట్లో తనకంటూ ఒక బాటిల్ పెట్టాను. ప్రతి గుక్కకీ ముందు ఒకసారి నా మొహం చూస్తుంది. అందుకని నవ్వు మొహం పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంటున్నాను. మొన్న బేరం దగ్గర ఒకాయన మీద అలవాటు కొద్దీ గొంతు లేచింది. అటు తిరిగి చూసేసరికి, మా అమ్మాయి నోటి దాకా తెచ్చుకున్న బాటిల్ దించేసి మూత బిగిస్తోంది.