లోకల్ బండే కావాలన్నవాడు

పొద్దున్న ఏడవుతోంది. ముసురు పట్టి వీధంతా చిత్తడిగా ఉంది. పొడుగోడు అప్పుడే చొక్కా వేసుకుని తయారయ్యాడు. తిని పొమ్మని భార్య రెండుసార్లు చెప్పింది. ముద్ద దిగదన్నాడు. ఇంత వయసొచ్చి పరీక్షకెళ్లే పిల్లాడిలా ఏంటని ఆమె నవ్వింది. నిజంగా పరీక్షే. టైల్స్ గోడౌను ఓనరమ్మ ఇవాళ ఒక్కరోజు బండి తోలి చూపించమంది. నచ్చితే ఉద్యోగం.

అసలు అతనిది మూటలు మోసే పని. బడి మానేసిన నాటి నుంచీ అదే. పై వరసకి మూట అందించాలంటే అందరూ అతన్నే పిలిచేవారు, పొడుగు కదా. ఆ అందించడంలోనే నడుం పోయింది. ఇక బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. పొడుగోడు నాలుగు రోజులు గోడకి చేరగిలబడి ఆలోచించి, లారీ నేర్చుకుంటానన్నాడు. సాటివాళ్లు అప్పుడే డ్రైవరుగారూ అని పిలవడం మొదలుపెట్టారు, ఎగతాళికే.

భార్య మాత్రం ఎగతాళి చెయ్యలేదు. ఒకటే మాట అంది.

"లోకల్ అయితే తోలు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావాలి. దూరం బండి ఎక్కావంటే మాత్రం మళ్లీ ఈ గడప తొక్కకు."

ఆమె తండ్రి దూరం బండి డ్రైవరు. ఆయన ఇంటికొస్తే పిల్లలు ఎవరో వచ్చారని తలుపు చాటుకి పోయేవారట. ఆమె తల్లి ప్రతి హారన్‌కీ లేచి కూర్చునేదట. ఆ బతుకు తనకొద్దంది. పొడుగోడు సరేనన్నాడు. ఆ రోజు ఆ మాట నల్లేరు మీద నడకే అనిపించింది.

నేర్చుకున్నాడు, లైసెన్సూ వచ్చింది. తర్వాత తెలిసింది అసలు సంగతి. కొత్త డ్రైవరుకి దూరం బండే సులువుగా దొరుకుతుంది, లోకల్ దొరకదు. పెద్ద రోడ్డు మీద తిన్నగా పోవడం ఎవడైనా చేస్తాడు. ఊళ్లో అయితే రోజంతా సందుల్లో దూరాలి, రివర్సు కొట్టాలి, గోడకీ స్కూటరుకీ మధ్య బండి ఆపాలి. దానికి ముదురు చేతులు కావాలంటారు ఓనర్లు. సిమెంటు కొట్టుకి వెళ్తే అనుభవం ఎంతన్నారు. ఫర్నిచర్ షాపువాడు, మా బండి మీద నేర్చుకుందామనా అన్నాడు. నీళ్ల ట్యాంకరు ఆయనైతే లైసెన్సు చేతిలోకి తీసుకుని, ఫొటోలో బాగున్నావయ్యా అని తిరిగిచ్చేశాడు. చెప్పులరిగాయి.

చివరికి ఓనరమ్మ దగ్గర నోరు విప్పాడు. ఆమె గోడౌనులో ఏళ్ల తరబడి మోసినవాడే. అతని బావమరిది ఇప్పటికీ అక్కడే లోడింగు చేస్తాడు. ఆ మొహమాటంతోనే ఆమె ఒప్పుకుంది.

ఆ పొద్దున్న పొడుగోడు బండి బాగా తోలాడు. పక్కన బావమరిది, వెనక టైల్స్ పెట్టెలు. మార్కెట్ సందులో రిక్షాల మధ్య నుంచి బండిని వెన్నలో దారంలా లాగేసరికి, బావా నువ్వు లోపల్లోపల ఇన్నాళ్లూ డ్రైవరువేనే అన్నాడు బావమరిది. పొడుగోడికి ఆకలి మర్చిపోయేంత సంతోషం వేసింది.

ఆఖరి దింపుడు ఒక కడుతున్న ఇంటి దగ్గర. ఇంటి వైపుకి కాస్త వాలుగా ఉంది అక్కడ. బావమరిది ముందే దిగి వెనక నిలబడి, రానీ రానీ అంటూ పిలిచాడు. చాలనిపించగానే బండి పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఆగమని డ్రైవరుకి అది గుర్తు. లోడింగువాళ్లకి మాత్రం ఇంకో గుర్తు: దూకండి, వెనక డోరు తియ్యండి. పొడుగోడి ఒళ్లు ఇన్నేళ్లూ విన్నది ఆ రెండోదే. బండి న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్ బ్రేకు మీదికి చెయ్యి పోలేదు. క్యాబిన్ డోరు తెరుచుకుంది, పొడుగోడు కింద ఉన్నాడు, బండి వెనక్కి నడుస్తున్నాడు.

బండీ వెనక్కే నడిచింది.

బావమరిది వెంట్రుకవాసిలో పక్కకి తప్పుకున్నాడు. బండి ఇంటి స్తంభానికి కొట్టుకుని ఆగింది. లోపల టైల్స్ పగిలిన చప్పుడు చాలాసేపు వినపడుతూనే ఉంది.

ఓనరమ్మ కేకలేస్తే బాగుండేది. ఆమె కుర్చీ చూపించి కూర్చోమంది.

"తోలినంతసేపూ డ్రైవరులానే తోలావట. దిగడమే లోడింగోడిలా దిగావు. మా లోడింగు కుర్రాడు బతికిపోయాడు కాబట్టి ఇలా మాట్లాడుతున్నా. నీకు బండి ఇవ్వలేనయ్యా."

పొడుగోడు తలూపాడు. అక్కకి చెప్పనులే బావా, అన్నాడు బావమరిది గేటు దగ్గర. ఆ మాట విన్నాక పొడుగోడికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికెళ్లేసరికి భార్య వాకిట్లోనే ఉంది. ఏమైందని అడిగితే, రేపట్నుంచి రమ్మన్నారన్నాడు. ఎందుకన్నాడో అతనికీ తెలీదు. ఆమె మొహం చూశాక ఇంకో మాట రాలేదు, అంతే. సాయంత్రానికల్లా పక్కింటావిడకి కూడా తెలిసింది. వీధిలో ఎదురైన వాళ్లంతా లోకలేనట కదా అని పలకరిస్తుంటే నవ్వాల్సి వచ్చింది.

మర్నాటి నుంచి రోజూ డ్యూటీకని బయల్దేరి లారీ స్టాండులో టీ బంకు బల్ల మీద కూర్చునేవాడు. అక్కడ బ్రోకరు ఒకాయన కనిపెట్టేశాడు. పగలంతా ఇక్కడే ఉంటావు, నీ లోకల్ బండి కంటికి కనపడదా అన్నాడు. దూరం బండి ఉంది, రేపు బయల్దేరుతుంది, తిరిగి ఎప్పుడొస్తుందో లోడుని బట్టి అన్నాడు. పొడుగోడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. బ్రోకరు దాన్ని అవునే అనుకున్నాడు.

చెప్పేద్దామనుకున్నాడు. స్తంభం సంగతి, ఆమె తమ్ముడి సంగతి, అన్నీ. మొదటి రోజే చెప్పుంటే తిట్టేది, ఏడ్చేది, తర్వాత ఇద్దరూ కలిసి ఇంకో దారి వెతికేవారేమో. ఇప్పుడు ఒక నిజం చెప్పాలంటే ముందు అబద్ధం విప్పాలి.

మర్నాడు పొద్దున్న ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతోంది. అతను సంచిలో రెండు జతలు, ఒక దుప్పటి పెట్టుకున్నాడు. చప్పుడు విని అక్కణ్నుంచే అడిగింది.

"ఏమయ్యా, మధ్యాహ్నం వస్తావా, సాయంత్రమేనా?"

ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాడు. పెరటి తలుపు దగ్గరకి రెండడుగులు వేశాడు కూడా. ఆమె వీపు కనిపించింది, మోచేతుల దాకా నురుగు. కూనిరాగం తీస్తోంది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆమె పాడగా అతను వినలేదు.

వెనక్కి వచ్చి, సంచి భుజానికేసుకుని, గడప దాటాడు.